సొంటి హెచ్చు, కుడి బ్యాడ్

నా చేతులారా నేను చేసుకున్న నష్టాలు చాలా ఉన్నాయి. వాటిలో పెద్దది ఏదని అడిగితే తడుముకోను. నేను రిటైరైన ఏడాది డైరీ తీసి, ఉద్యోగంలో ఆఖరి వారం పేజీ తెరిచి, వేలు పెట్టి చూపిస్తాను. అక్కడ నా చక్కని చేతిరాతలో మూడే మూడు ముక్కలు ఉంటాయి: "ఎన్ని? సొంటి హెచ్చు. కుడి బ్యాడ్." ఈ మూడు ముక్కలు ఒక మనిషి వీపు కాల్చాయి, కడుపు కడిగాయి, ముప్పై మూడేళ్లు కూడబెట్టుకున్న పరువును బాత్రూం తలుపు దాకా లాక్కెళ్లాయి. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. అప్పుడు నవ్వనిది నేనొక్కడినే.

మా ఇల్లు వికారాబాదు. సర్వీసులో ఆఖరి ఏడాది బదిలీ మీద తాండూరులో పనిచేశాను. ఏ ఆఫీసో చెప్పను, అక్కడి వాళ్లు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. రికార్డు సెక్షను నాది. పొద్దున రైల్లో పోవడం, సాయంత్రం రైల్లో రావడం. నాకొక పట్టింపు ఉండేది: ఒంట్లో బాగాలేదని సర్వీసు మొత్తంలో ఒక్క పూట సెలవు పెట్టలేదు. జ్వరాలు రాలేదా అంటే వచ్చాయి. ఆదివారం దాకా ఆగమన్నాను, ఆగాయి. ఆ శుక్రవారంతో సర్వీసు అయిపోతుంది. శుక్రవారం సాయంత్రం రిజిస్టరులో సంతకం చేస్తే నా లెక్క మచ్చ లేకుండా ముగుస్తుంది. దాని కోసం అప్పట్లో నేను ఎవరితోనైనా యుద్ధానికి సిద్ధం. యుద్ధం నా నడుముతోనే వచ్చింది.

సోమవారం సాయంత్రం నాలుగింటికి, నా తర్వాత వచ్చేవాడికి అన్నీ సర్ది అప్పగించాలన్న ఆరాటంలో, బీరువా కింది అరలో ఉన్న పాత కాగితాల కట్టను పైకి గుంజాను. మోకాళ్లు వంచి, కట్టను ఒంటికి దగ్గరగా పట్టుకొని లేపాలని అప్పుడు తెలియదు. నిలబడిన చోటనే నడుము మడిచి, కొంచెం పక్కకు మెలితిరిగి, ఒక్క గుంజు గుంజాను. కట్ట లేచింది. నేను లేవలేదు.

మా అటెండరు జబ్బార్ భాయ్ లోపలికొచ్చి నన్ను చూశాడు. "ఏం సార్, కింద ఏమన్న పడ్డదా? ఎతుకుతున్నవు?"

"ఏం పడలేదు భాయ్. నడుము పట్టేసింది."

"ఏ దిక్కు?"

"ఎడమ దిక్కు. కత్తి పెట్టి తిప్పినట్టుంది."

"నరం మీద నరం ఎక్కింది సార్. మా మామూకు గిట్లనే ఎక్కింది."

"మళ్ల దిగిందా?"

"దిగింది సార్. ఫికర్ జెయ్యకు. ఆర్నెల్లకు దిగింది."

నా దగ్గర ఉన్నవి నాలుగు రోజులు.

ఇంటికి ఎలా చేరానో అడగొద్దు. రైల్లో నాకు సీటిచ్చినవాళ్లంతా నా ముఖం చూసి కాదు, నా ముఖం ఎక్కడుందో వెతికి ఇచ్చారు. అంతగా వంగిపోయాను. గుమ్మంలో మా ఆవిడ అనసూయ నిలబడింది.

"గిదేంది, గట్ల వంగి వస్తున్నవు? నాకు దండం పెడుతున్నవా?"

"నడుము పట్టింది."

"నడు, పొద్దుగాల దవాఖానకు పోదాం."

"పొద్దుగాల పోతే రైలు తప్పుతది. రైలు తప్పితే సెలవు పెట్టాలె."

"పెట్టు. ముప్పై మూడేండ్లల ఒక్క దినం పెడితే గవర్నమెంటు కూలుతదా?"

"గవర్నమెంటు కూలదు. నా లెక్క కూలుతది."

"రేపు సచ్చిపోతే గూడ సెలవు చిట్టి రాయవా?"

"సచ్చిపోతే చిట్టి అవసరం లేదు. రూల్సుల లేదు."

ఆమె ఆ రాత్రి అన్నం గిన్నె పెట్టిన చప్పుడు పక్కింటికి వినిపించి ఉంటుంది.

మంగళవారం నేను చాలా తెలివిగా ప్రవర్తించాను. నొప్పి ఉన్న నడుముకు విశ్రాంతి కావాలి కదా? అందుకని పది గంటలకు కుర్చీలో కూర్చున్నవాణ్ని అయిదింటి దాకా కదల్లేదు. లేవాల్సి వస్తుందని మంచినీళ్లు కూడా తగ్గించాను. ఇంత విశ్రాంతి తీసుకున్న నడుము సాయంత్రానికి సంతోషించాలి. సంతోషించకపోగా గడ్డకట్టింది. నన్ను కుర్చీలోంచి లేపడానికి జబ్బార్ ఒక పక్కన, టైపిస్టు ఒక పక్కన పట్టాల్సి వచ్చింది. "కుర్చీతో సహా ఇంటికి పంపుదామా సార్?" అని టైపిస్టు అడిగాడు. ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "పూర్తి విశ్రాంతి. ఫలితం లేదు. రేపు ఇంకా ఎక్కువ విశ్రాంతి."

బుధవారం మధ్యాహ్నం కథలోకి శరణమ్మ వచ్చింది.

మా ఆఫీసు గేటు పక్కన జొన్నరొట్టెలు అమ్మే పెద్దమ్మ ఆమె. కర్ణాటక వైపు నుంచి ఏడాది కింద తాండూరులో ఉన్న బిడ్డ దగ్గరికి వచ్చింది. తెలుగులో అంకెలు తెలుసు, "చిల్లర లేదు" తెలుసు. మిగతాదంతా కన్నడమే. నేను రోజూ రెండు రొట్టెలు తీసుకునేవాణ్ని. మా మధ్య సంభాషణ రెండు వేళ్లతో మొదలై తల ఊపడంతో ముగిసేది. ఆ రోజు నేను వంగి నడవడం చూసి ఆమె "అయ్య శివనే" అని లేచింది. తన సంచిలోంచి ఒక చిన్న సీసా తీసి నా చేతిలో పెట్టింది. లోపల ఆకుపచ్చగా, చిక్కగా ఏదో నూనె. మూత తీస్తే వెల్లుల్లి వాసన గుప్పుమంది. అప్పుడామె నా నడుము వైపు చేయి చూపించి, చెవిటివాడికి చెప్పినట్టు గట్టిగా, ముక్క ముక్కగా అంది:

"ఈ ఎణ్ణి... సొంటక్క... హచ్రి. కుడిబ్యాడ్రి!"

మీరు నా స్థానంలో ఉంటే ఏం చేసేవారో నాకు తెలియదు. నేను జేబులోంచి డైరీ తీశాను. విన్నది విన్నట్టు, వేడి మీద రాసుకోవడం నా అలవాటు. "రి" అనేది వాళ్లకు మన "అండీ" లాంటిదని తెలుసు కాబట్టి దాన్ని తీసేశాను. ఇక మిగిలింది తేట తెలుగే కదా! ఎన్ని? సొంటి హెచ్చు. కుడి బ్యాడ్. ఆఖరి ముక్క ఇంగ్లిషు. ఈ కాలంలో రొట్టెలమ్మే పెద్దమ్మలకు కూడా బ్యాడ్, గుడ్ తెలుసు కదా అని లోలోపల మెచ్చుకున్నాను.

సీటుకొచ్చి ఆ ముక్కలు మళ్లీ చదివాను. సొంటి ఎక్కువ వాడమంది, సరే. కుడి బ్యాడ్ అంటే? నా నొప్పి ఎడమ పక్కన. అంటే నొప్పి పెడుతున్న ఎడమ పక్క బాగానే ఉంది, చడీచప్పుడు లేకుండా చెడిపోయింది కుడి పక్క! నా నడక చూసే కనిపెట్టింది, ఎంత అనుభవమో! కుడి పక్కన ఏమేమి ఉంటాయో డైరీలో వరసగా రాసుకున్నాను: కాలేయం, ఒక కిడ్నీ, అపెండిక్సు. మూడింటి మీదా నొక్కి చూసుకున్నాను. నొక్కితే మూడూ నొప్పి పెట్టాయి. ఎంత గట్టిగా నొక్కానో మాత్రం రాసుకోలేదు.

సాయంత్రం అనసూయకు డైరీ చూపించాను.

"ఎన్ని అని ఉన్నది. ఎన్ని కొమ్ములు సొంటి?" అంది.

"హెచ్చు."

"ఎన్ని అని నువ్వడిగినవా, ఆమె అడిగిందా?"

"ఆమెనే అన్నది."

"మందు జెప్పెటామె ఎన్ని అని నిన్నే అడుగుతదా? గప్పుడు డాక్టరు నువ్వా, ఆమెనా?"

ఇంట్లో ఉన్న సొంటి కొమ్ములన్నీ దంచమన్నాను. సగం కషాయం, సగం గంధంలా నూరి లేపనం. లేపనంలో శరణమ్మ ఇచ్చిన నూనె నాలుగు చుక్కలు కలిపించాను. నూనె ఎందుకిచ్చిందో మరి, ఊరికే ఇవ్వదు కదా. కుడి బ్యాడ్ కాబట్టి లేపనమంతా కుడి పక్కన, చంక కింది నుంచి తొంటి దాకా, గోడకు సున్నం వేసినట్టు దిట్టంగా వేయించుకున్నాను.

తలనొప్పికి నుదుటి మీద రూపాయి బిళ్లంత సొంటి పట్టు వేసుకున్నవారికి ఆ మంట తెలుసు. దాన్ని వందతో హెచ్చించండి. పావుగంటలో నేను ఇంట్లో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాను.

"కడుగుదునా?" అంది అనసూయ.

"వద్దు. మంట పుడుతుందంటే లోపలి చెడు బయటికొస్తున్నట్టే!"

"చెడు కాదు, తోలు వస్తది."

అరగంటకు నేనే మా ఇంటి నల్లా దగ్గరికి వంగిన నడుముతోనే పరుగు తీశాను. కుడి వీపు కాల్చిన టమాటాలా అయింది. ఎడమ నొప్పి ఎడమ పక్కన మహారాజులా అలాగే కూర్చుని ఉంది.

గురువారం నేను రెండు రకాల మనిషిని. ఎడమ నొప్పి వల్ల కుడికి వంగాలి, కుడి మంట వల్ల ఎడమకు వంగాలి. రెండూ కుదరక గాలికి ఊగే జొన్న కంకిలా నడిచాను. భయం మాత్రం నిటారుగా ఉంది. రేపు ఒక్క రోజు. రేపు లేవలేకపోతే? రైలు ఎక్కలేకపోతే? ఆఖరి రోజున రిజిస్టరులో నా పేరు ఎదురుగా ఎర్ర సిరాతో సెలవు పడుతుందా? ఎవరికీ చెప్పుకోలేని పిచ్చి భయం అది. చెబితే నవ్వుతారు. అందుకే డైరీకి చెప్పాను, నాలుగు పేజీలు.

సాయంత్రం చొక్కా ఎత్తి చూపిస్తే జబ్బార్ భాయ్ నా వీపు చూసి నాలుక కరుచుకున్నాడు. "గిదెవరు జేసిండ్రు సార్?"

డైరీ అతని ముందు పెట్టాను. అతను ప్రతి ముక్కా కూడబలుక్కొని చదివి, నుదురు కొట్టుకున్నాడు.

"అరె సార్! గామె మాట్లాడింది కన్నడ. నువ్వు తెలుగుల రాసినవు. నన్నడగాలె గదా? మా అత్తగారిల్లు కర్ణాటకల సేడం. పెండ్లయినప్పటి సంది వింటున్న."

"అయితే చెప్పు. కుడి అంటే?"

"కుడి అంటే తాగు సార్! నాకు మా అత్త దినాం అంటది, చాయ్ కుడి, చాయ్ కుడి అని."

తాగాల్సిన మందును నిన్న నేను పూసుకున్నాను! "మరి బ్యాడ్?"

జబ్బార్ ఒక్క క్షణం పైకప్పు వైపు చూశాడు. ఆ క్షణంలో నా భవిష్యత్తు తయారైంది.

"బ్యాడ్ అంటే బ్యాడే సార్. టేస్ట్ బ్యాడ్ ఉంటది, ముక్కు మూసుకొని తాగు అన్నది."

"మరి సొంటి?"

"సొంటితోటి కలిపి తాగాలె. ఘాటు తగులుతే వాసన తెల్వది."

"ఎంత తాగాలె?"

"హెచ్చు అని నువ్వే రాసినవు గదా సార్."

ఎంత చక్కగా అతికిందో చూడండి! ఒక్క ముక్క కూడా మిగల్లేదు. ముప్పై మూడేళ్లు కాగితాలు చదివినవాణ్ని, ఇంత పొందికైన వివరణ అబద్ధమవుతుందని ఎలా అనుకుంటాను? గేటు దగ్గరికి వెళ్లి ఆమెనే మళ్లీ అడగవచ్చు కదా అని మీరనవచ్చు. అప్పటికి ఆమె గంప ఎత్తుకొని వెళ్లిపోయింది. నేను రేపటి దాకా ఆగే స్థితిలో లేను.

శుక్రవారం పొద్దున ఆరింటికి, సొంటి కషాయంలో ఆ సీసా మొత్తం వంచుకొని, ముక్కు మూసుకొని, కళ్లు మూసుకొని తాగాను. అనసూయ సీసా అడుగు వాసన చూసింది.

"ఏమయ్య, గిందుల ఆముదం వాసనస్తున్నది."

"వెల్లుల్లి."

"వెల్లుల్లి పైనున్నది. కింద ఆముదం. మా అమ్మ చిన్నప్పుడు కాళ్ల మీదేసుకొని తాపింది, నాకు తెల్వదా?"

"రైలు టైమైంది," అన్నాను.

రైలు దిగేదాకా ఏమీ కాలేదు. పదింటికి సంతకం చేశాను. పదిన్నరకు కడుపులో ఎవరో బల్లలు జరుపుతున్న చప్పుడు వినిపించింది. పదకొండుకు మొదటిసారి లేచాను. జబ్బార్, టైపిస్టు సాయానికి వచ్చేలోపే నేను లేచి, వరండా దాటి, తలుపు గడియ పెట్టుకున్నాను. మంగళవారం ఇద్దరు మనుషులు లేపలేని నన్ను ఆముదం ఒక్కటే లేపింది.

తిరిగొచ్చి కూర్చున్నాను. మళ్లీ లేచాను. మా ఆఫీసరు మేడం చిన్న వయసు మనిషి, దయగలది. "ముఖం వాడిపోయింది నర్సింలు గారూ. సగం రోజు సెలవు పెట్టి ఇంటికెళ్లండి, సన్మానం ఇంకోరోజు చేద్దాం" అంది.

"లేదు మేడం. ఉంటాను."

"అంత బాధగా ఉంటే..."

"సంతోషం మేడం. ఆఖరి రోజు కదా, కడుపు నిండిపోయింది."

మాట నోట్లో ఉండగానే మూడోసారి పరుగెత్తాను.

పన్నెండింటికి సన్మానం. పెద్ద హాల్లో ఎత్తు కుర్చీ, మెడలో దండ, భుజం మీద శాలువా, ఎదురుగా అందరూ. కుర్చీ మీద నేను, నా మీద దేవుడు. తలుపు ఎన్ని అడుగుల దూరంలో ఉందో ముందే నడిచి చూసుకున్నాను: ఇరవై రెండు. మేడం మాట్లాడడం మొదలుపెట్టింది. నేను కాళ్లు పెనవేసుకొని, పళ్లు బిగించి, ముఖంలో వినయం నిలబెట్టాను.

"నర్సింలు గారి గురించి ఒక్క మాట చెబుతాను," అంది మేడం. "సర్వీసంతా అనారోగ్యం పేరుతో ఒక్క పూట సెలవు తీసుకోలేదు. అంతకన్నా గొప్ప విషయం, నేను కళ్లారా చూసింది ఇంకొకటి ఉంది. ఈయన పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా సీటు వదిలి..."

నేను లేచాను.

"...లేవరు," అని ఆమె పూర్తి చేసేసరికి శాలువా కుర్చీ మీద ఉంది, దండ గుమ్మం దగ్గర ఉంది, నేను తలుపు అవతల ఉన్నాను. ఆ తర్వాత వచ్చిన నవ్వు గోడలోంచి నాకు వినిపించింది. జబ్బార్ చప్పట్లు మొదలుపెట్టాడు. అందరూ అందుకున్నారు. నా సేవలకు తాండూరు ఆఫీసు కొట్టిన చప్పట్లను నేను గడియ పెట్టుకొని, కూర్చొని స్వీకరించాను.

మధ్యాహ్నం భోజనాలకు రొట్టెలు శరణమ్మకే చెప్పారు. గంపతో ఆమె, కూర గిన్నెతో ఆమె బిడ్డ మహాదేవి వచ్చారు. మహాదేవికి తెలుగు బాగా వచ్చు. శరణమ్మ నన్ను చూసి, నడుము మీద చేయి పెట్టి, ఎలా ఉందని కళ్లతో అడిగింది. నేను మర్యాదగా ఖాళీ సీసా చూపించి, బొటనవేలు నోటి దగ్గర పెట్టి, గటగటా తాగినట్టు చేసి చూపించాను.

ఆమె గంప వదిలేసింది. "అయ్య శివనే! నా కుడిబ్యాడ్రి అందిద్నల్లా!"

"ఏమంటున్నది?" అన్నాను మహాదేవితో.

"తాగొద్దని చెప్పిన గదా అంటున్నది సార్. కుడి అంటే తాగు. బ్యాడ అంటే వద్దు."

నేను జబ్బార్ వైపు తిరిగాను. అతను రొట్టెలు లెక్కపెడుతున్నాడు, చాలా శ్రద్ధగా.

"మరి ఎన్ని అంటే?"

"ఎణ్ణి, సార్. నూనె."

"హెచ్చు?"

"హచ్రి. పూసుకోండ్రి."

"సొంటి?" అని ఆఖరున అడిగాను.

"సొంట అంటే నడుము సార్," అంది మహాదేవి. "ఈ నూనె నడుముకు పూసుకోండ్రి, తాగకుండ్రి. గంతే చెప్పింది. మీరు సొంటి గిట్ల కొన్నరా ఏంది?"

వాళ్లమ్మకు ఆమె ఇదంతా చెబితే, శరణమ్మ ముందు భయపడింది, తర్వాత నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. జబ్బార్ తల ఎత్తకుండానే, "మా అత్త తాగొద్దని ఎప్పుడు అనలే సార్, అందుకే తెల్వలే" అన్నాడు.

అయిదింటికి సంతకం చేశాను. ఒక్క అక్షరం గీత దాటలేదు. ఒక్క పూట సెలవు లేని సర్వీసు ముగిసింది. ఆ రోజు ఎన్నిసార్లు సీటు వదిలానో డైరీలో గీతలు గీసుకున్నాను: పదకొండు. ఆ గీతలు లెక్కపెడుతూ రైలు పెట్టె మెట్లు ఎక్కేశాను. ఎక్కాక తెలిసింది, ఎవరి చేయీ పట్టుకోలేదు. నిటారుగా ఉన్నాను.

శనివారం నాకు ఉద్యోగం లేదు కాబట్టి సాకూ లేదు. అనసూయ నన్ను వికారాబాదులో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె కాళ్లు ఎత్తించి, వంగమని, మడమల మీద నడవమని చూసింది. కాళ్లలో తిమ్మిరి ఉందా, బలం తగ్గిందా, ఒంటికి రెంటికి పట్టు తప్పిందా అని అడిగింది. చివరి ప్రశ్నకు అనసూయ నవ్వింది. నేను డైరీ ఇచ్చాను. డాక్టరమ్మ ఆ వారం మొత్తం చదివింది. రెండుసార్లు ముఖం పక్కకు తిప్పుకొంది.

"కండరం పట్టింది పెద్దాయనా, అంతే. ఇలాంటివి చాలావరకు కొన్ని రోజుల్లో తగ్గుతాయి. కాళ్లు మొద్దుబారితేనో, పట్టు తప్పితేనో మాత్రం వెంటనే రావాలి. మంగళవారం ఏడు గంటలు కదలకుండా కూర్చున్నారు చూడండి, అది మీ నడుముకు మీరు చేసిన పెద్ద అపకారం. విశ్రాంతి అంటే కట్టేసుకోవడం కాదు. వేడి కాపడం పెట్టండి, మెల్లగా నడవండి, గంటల కొద్దీ ఒక్కచోట కూర్చోవద్దు."

"మరి ఆముదం తాగితే తగ్గినట్టుంది కదమ్మా?"

"ఆముదంతో తగ్గలేదు. ఆముదం మిమ్మల్ని లేపి నడిపించింది. నిన్న పదకొండుసార్లు లేచారని రాశారు. రోజూ పదకొండుసార్లు లేవండి." ఆమె డైరీ మూసి నా చేతిలో పెట్టింది. "ఆముదం లేకుండా."

ఇక పాఠకుల సమక్షంలో, అనసూయ సాక్షిగా, ఇదే నా ప్రమాణం. ఇకమీదట బరువు ఎత్తాలంటే మోకాళ్లు వంచుతాను. కుర్చీలో పాతుకుపోను. నడుము పడితే ఏ రైలు తప్పినా సరే, ముందు డాక్టరు దగ్గరికి పోతాను. ఇక మందు ఎవరు ఏ భాషలో చెప్పినా, చెప్పిన మనిషి ఎదురుగా నిలబడి తాగడమా పూయడమా అని సైగ చేసి, వాళ్లు తల ఊపేదాకా సీసా మూత తీయను. జబ్బార్ భాయ్ అనువాదం మీద మాత్రం, నా ఒంట్లో ఒక్క కండరం కదిలినంత కాలం, చాయ్ కూడా తాగను.